మహకం ఎగువ ఊళ్ళలో బతుకు: నీళ్ళుంటేనే దుకాణం

కొత్తగూడెం కుర్రోడు | ఆదివారం, రాత్రి 9:40

పేరు కుర్రోడనే గానీ నాకిప్పుడు 51. సింగరేణి కాలనీలో పెరిగాను. సర్వేయరుగా బొగ్గు పని మీదే ఇండోనేషియా వెళ్ళి తూర్పు కాలిమంతాన్‌లో పదకొండేళ్ళు ఉన్నాను (కాలిమంతాన్ అంటే బోర్నియో ద్వీపంలో ఇండోనేషియా భాగం). మొన్న ఇక్కడే ఇంకో చర్చలో ఎవరో "ఇండోనేషియా అంటే బాలీ, బీచీ అంతేగా" అని రాశారు. అప్పటినుంచి చెయ్యి దురద పెడుతోంది.

నేను చెప్పేది బోర్నియో ద్వీపంలో మహకం నది పై కొసన, మలేషియా సరిహద్దు దగ్గర ఉన్న తియోంగ్ ఓహాంగ్ అనే ఊరి సంగతి. జిల్లా పేరు మహకం ఉలు. ఉలు అంటే ఎగువ. 2013లో విడగొట్టిన కొత్త జిల్లా. ఐదు మండలాలు, ముప్పై వేల పైచిలుకు జనం. విస్తీర్ణం మాత్రం దాదాపు మా పాత ఖమ్మం జిల్లా అంత. మిగతాదంతా అడవీ, నీళ్ళూ.

2019 ఆగస్టులో మా కాంట్రాక్టరు (పేరెందుకులెండి) నాలుగు నెలల జీతం ఆపి సైటు మూసేశాడు. నాతో పనిచేసే డ్రిల్లింగ్ కుర్రాడిది ఆ ఊరే. అవోహెంగ్ అనే దయాక్ తెగవాడు. "ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు, మా ఇంటికి రా, ఐదు రోజులుండి వద్దాం" అన్నాడు. వెళ్ళాను. ఇరవై మూడు రోజులు ఉండిపోయాను. నది ఎండిపోయి పడవలు ఆగిపోయాయి మరి.

నది దిగువన ఉన్న పెద్ద నగరం సమరిండా. ఆ రేవులో పొద్దున ఏడింటికి రెండంతస్తుల చెక్క పడవ ఎక్కాం. పై అంతస్తులో వరసగా పరుపులు, అదే మన బెర్తు. కింద సిమెంటు బస్తాలు, గ్యాసు బండలు, కోళ్ళు, నూడుల్స్ పెట్టెలు, రెండు మోటారు సైకిళ్ళు. ముయారా ముంతాయ్ దగ్గర సాయంత్రమైంది. అక్కడ వీధులే కర్ర వంతెనలు. ఉలిన్ అనే కర్ర, ఇనుములాంటిది, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. అర్ధరాత్రి దాటాక మెలక్. ఆ తర్వాత రాత్రికి గానీ లాంగ్ బగున్ రాలేదు. అంటే నది మీద ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. పెద్ద పడవకు అదే ఆఖరు స్టేషను. నీళ్ళు తక్కువుంటే ఇంకా కిందే, తెరింగ్ దగ్గరే దింపేస్తారు. లాంగ్ బగున్ నుంచి మా ఊరికి సన్నటి పొడుగు పడవలో ఇంకో రోజు.

ఊళ్ళో మొదటి రోజు దుకాణంలో 25 కిలోల బియ్యం బస్తా 4 లక్షల రూపియా. కంగారు పడకండి, అప్పట్లో మన రూపాయికి 200 రూపియా, అంటే రెండు వేలు. సమరిండాలో అదే బస్తా పదిహేను వందల లోపే. మూడో వారానికి మా ఊళ్ళో 6 లక్షలు దాటింది. సీసాలో అమ్మే పెట్రోలు రెట్టింపు పైన. ఊళ్ళో ఎవరూ వాతావరణం ఎలా ఉందని అడగరు. "నీళ్ళెంత?" అని అడుగుతారు. మనం బంగారం రేటు అడిగినట్టు.

ఎవరికైనా ఆసక్తి ఉంటే అడగండి, మిగతాది చెబుతాను.

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 10:15

ఇంకా అడగడమేంటి నాయనా, మొదలుపెట్టాక ఆపకూడదు. మా చిన్నప్పుడు రాజమండ్రి నుంచి భద్రాచలం లాంచీలో వెళ్ళేవాళ్ళం. నా ప్రశ్న మెషీను గురించి. ఆ పొడుగు పడవకి ఏం ఇంజను? సుడులున్నాయా?

కొత్తగూడెం కుర్రోడు | ఆదివారం, రాత్రి 10:52

ఉన్నాయి బాబాయ్. లాంగ్ బగున్ దాటాక రియామ్ ఉదాంగ్, రియామ్ పంజాంగ్ అని రెండు పెద్ద ర్యాపిడ్లు. రియామ్ అంటే రాళ్ళ మీద నీళ్ళు ఉరికే చోటు. పడవ వెనక 40 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు, కొన్నిటికి మూడు. వెనక కూర్చునేవాణ్ణి మోటరిస్ అంటారు. అసలు మొనగాడు ముందు కూర్చునేవాడు, జురు బతు. బతు అంటే రాయి. చేతిలో గెడ పట్టుకుని, వేలితో "ఎడమ, కుడి" అని చూపిస్తుంటాడు. అరిచినా వినపడదు, నీళ్ళ హోరు అంత. కొన్నిచోట్ల మమ్మల్ని దింపేసి ఒడ్డున రాళ్ళ మీద నడవమన్నారు. ఖాళీ పడవ పైకి ఎక్కించి మళ్ళీ ఎక్కించుకున్నారు.

వరదొస్తే సుడి తిప్పేస్తుందని ఎవరూ వెళ్ళరు. నీళ్ళు మరీ తగ్గితే ప్రొపెల్లర్ రాయికి కొట్టుకుని రెక్కలు విరుగుతాయి. మధ్యలో ఒక మట్టం ఉంటుంది, అదే వాళ్ళకు రోడ్డు. నేను దిగిన మూడో రోజుకి ఆ మట్టం కిందకి పోయింది.

పద్మజ, విశాఖ | సోమవారం, ఉదయం 7:20

కుర్రోడు గారూ, చాలా బాగుంది. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నాకొక సందేహం. సరుకు తక్కువైతే ధర పెరగడం సరే, అది పాఠంలో ఉన్నదే. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కేవలం కొరత కాదనిపిస్తోంది. రవాణా ఖర్చే మారిపోతోందా? ఇంకోటి, ఆ దుకాణంవాడు అరువు ఇస్తాడా?

కొత్తగూడెం కుర్రోడు | సోమవారం, మధ్యాహ్నం 1:05

మేడమ్, మీరు సరిగ్గా పట్టుకున్నారు. నీళ్ళు తగ్గితే పడవ రాయికి తగలకుండా ఉండాలని సగం సరుకే వేస్తారు. సగం సరుకేసినా పెట్రోలు అంతే తాగుతుంది. పైగా రాళ్ళ దగ్గర దింపి, మోసి, ఎక్కించడానికి కూలీ అదనం. లాంగ్ బగున్ నుంచి ఒక్క ట్రిప్పుకి రెండు వందల లీటర్ల డ్రమ్ము పైనే కాలుతుందని మోటరిస్ చెప్పాడు. ఆ పెట్రోలు కూడా కింద నుంచి పడవలోనే రావాలి కదా. పెట్రోలు తేవడానికి పెట్రోలు. ప్రభుత్వం 2016 నుంచి మారుమూల ప్రాంతాల్లో కూడా ఇంధనానికి దేశమంతా ఒకే ధర అనే పథకం నడుపుతోంది. బంకు ఉన్నచోట, సరుకు వచ్చిన రోజున అది నిజమే. మిగతా రోజుల్లో సీసా పెట్రోలే.

అరువు సంగతి. దుకాణం సులవేసి నుంచి వచ్చిన బూగిస్ కుటుంబానిది, రెండో తరం. రబ్బరు అమ్మాక ఇస్తా, బంగారం దొరికాక ఇస్తా, జీతమొచ్చాక ఇస్తా అని అందరికీ పద్దు ఉంది. వడ్డీ అని విడిగా రాయడు, ధరలోనే కలిపేస్తాడు. నేను మొదట "దోచేస్తున్నాడు" అనుకున్నాను. రెండో వారంలో ఆయన నూడుల్స్ ఇంటికి రెండు ప్యాకెట్లే అని రూలు పెట్టాడు. ఎక్కువ డబ్బిస్తామన్నవాళ్ళకీ అంతే. ఎందుకని అడిగితే నవ్వి, "నీళ్ళొచ్చాక కూడా నేనిక్కడే ఉండాలి కదా" అన్నాడు.

సూటిగా | సోమవారం, మధ్యాహ్నం 2:30

ఇంత కథ ఎందుకండీ. రోడ్డు వేస్తే అయిపోతుంది. 21వ శతాబ్దంలో బియ్యం పడవలో రావడం ఏంటి.

అడవిబాట | సోమవారం, సాయంత్రం 6:10

రోడ్డు సంగతి తర్వాత మాట్లాడదాం సూటిగా గారూ. కుర్రోడు గారూ, మీరు బియ్యం ధర చెప్పారు గానీ అక్కడి దయాక్‌లు వరి పండించుకుంటారు కదా? మరి బస్తా కొనేది ఎవరు? (రంపచోడవరం ఏజెన్సీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను, అందుకే ఈ ప్రశ్న.)

కొత్తగూడెం కుర్రోడు | సోమవారం, రాత్రి 9:30

అడవిబాట గారూ, నేను ఈ చర్చ మొదలుపెట్టింది నిజానికి ఇది చెప్పడానికే. మీరే అడిగారు.

నేను ఉన్న ఇంటివాళ్ళకి కొండ వాలు మీద లదాంగ్ ఉంది. మన పోడు లాంటిదే. జూన్, జూలైలో నరుకుతారు, ఎండాక కాలుస్తారు, సెప్టెంబరు, అక్టోబరులో విత్తుతారు. దున్నడం లేదు. మగవాళ్ళు వరసగా నిలబడి మొన చెక్కిన కర్రతో నేలలో పొడుచుకుంటూ వెళ్తారు, ఆడవాళ్ళు వెనకే వచ్చి ఆ గుంటల్లో గింజలు వేస్తారు. ఆ రోజు ఊళ్ళో సగంమంది మన పొలంలో, రేపు మనం వాళ్ళ పొలంలో. కూలీ డబ్బు లేదు, మధ్యాహ్నం పందికూరతో భోజనం పెట్టాలి. ఫిబ్రవరి, మార్చిలో కోత. గాదెలో పోస్తారు. ఆ బియ్యం అమ్మడం వాళ్ళకి ఇష్టం ఉండదు. నా స్నేహితుడి తల్లి దగ్గర అప్పటికి రెండేళ్ళ కిందటి ధాన్యం కూడా ఉంది.

మొదట ఎవరింట్లో పొయ్యి ఆరిందో తెలుసా? బడి మేస్టార్లు, ఆరోగ్య కేంద్రం నర్సు, మండలాఫీసు గుమాస్తాలు. నెల తిరిగేసరికి జీతం వచ్చేవాళ్ళు. బస్తా కొనేది వాళ్ళే. జావా నుంచి వచ్చిన ఒక కుర్ర మేస్టారు జేబులో 15 లక్షల రూపియా పెట్టుకుని మా ఇంటికొచ్చి బియ్యం అడిగాడు. మా ఇంటి పెద్దావిడ డబ్బు తీసుకోలేదు. "మా మనవడికి లెక్కలు సరిగా చెప్పు" అని రెండు డబ్బాలు కొలిచి పోసింది. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మా లెక్కల్లో ఆ ఇల్లు పేదిల్లు. నెలసరి ఆదాయం అని ఫారంలో రాయాలంటే సున్నా రాయాలి.

పద్మజ, విశాఖ | సోమవారం, రాత్రి 9:58

ఈ పోస్టును రేపు క్లాసులో చదివి వినిపిస్తాను, అనుమతి ఇవ్వండి.

కొత్తగూడెం కుర్రోడు | సోమవారం, రాత్రి 10:01

తప్పకుండా మేడమ్. జీతం ఆపిన కాంట్రాక్టరు మాట మాత్రం చెప్పకండి, పరువు పోతుంది. నా పరువే.

సింగపూర్ శీను | మంగళవారం, ఉదయం 8:45

నేను సరుకుల ట్రేడింగులో ఉన్నాను, కాలిమంతాన్‌తో ఇరవై ఏళ్ళ పరిచయం. కుర్రోడు అన్న గాదె సంగతి చెప్పాడు, నేను రెండో వైపు చెబుతాను. ఆ ఊళ్ళు డబ్బు చూడనివి కావు. చాలాసార్లు చూశాయి. వచ్చింది, పోయింది.

1960ల చివర్లో "బంజిర్ కాప్" అని ఒక కాలం నడిచింది. పెద్ద కంపెనీలు, యంత్రాలు పూర్తిగా దిగకముందు ఊరివాళ్ళే గొడ్డళ్ళతో చెట్లు కొట్టి, వరద వచ్చేదాకా ఆగి, దుంగల్ని నీటిలో కిందికి తేల్చేవాళ్ళు. బంజిర్ అంటే వరద. పొలాలు వదిలేసి మరీ వెళ్ళారు. 1970ల మొదట్లో కంపెనీలకు అడవి లీజులు వచ్చాయి, ఆ చేతి పని ఆగిపోయింది. ఆ తర్వాత గహారు, అంటే అగరు చెక్క. అరబ్బు దేశాల్లో ధూపానికి. బృందాలుగా అడవిలోకి వెళ్ళి వారాల తరబడి వెతికేవాళ్ళు. దొరికితే ఇల్లు కట్టొచ్చు, దొరక్కపోతే ముందు సరుకులిచ్చిన వ్యాపారికి బాకీ. దొరికే చెట్లు తగ్గిపోయాయి.

రత్తాన్ (పేము) ఇంకో కథ. ఇది అడవిలో దొరికేదే కాదు, కలిమంతాన్ రైతులు తమ పాత లదాంగ్‌లలో నాటి పెంచుతారు. 2012 జనవరి నుంచి జకార్తా ముడి పేము ఎగుమతి ఆపేసింది, జావాలో ఫర్నిచర్ పరిశ్రమ బాగుపడాలని. కొనేవాడు తగ్గాడు, ధర పడింది, రైతు కొయ్యడం మానేశాడు. రబ్బరుకి 2011లో ఆకాశమంత రేటు, ఆ తర్వాత నేల మీదకి.

ఇప్పుడేముంది? వాలెట్, అంటే పిట్టగూళ్ళు. చైనావాళ్ళు సూప్ చేసుకుంటారు. కిటికీల్లేని సిమెంటు మేడలు కట్టి, స్పీకర్లలో పిట్టల అరుపులు పెడతారు. కిలో గూళ్ళకి మిలియన్లలో రూపియాలు. అన్నా, మీ ఊళ్ళో ఉన్నాయా?

కొత్తగూడెం కుర్రోడు | మంగళవారం, ఉదయం 11:20

ఉన్నాయి శీనూ. ఊరంతటికీ ఎత్తైన కట్టడం గుడి కాదు, చర్చి కాదు, పిట్టల మేడే. పొద్దున్నుంచి రాత్రి దాకా కీచుకీచుమని రికార్డు. మొదటి రెండు రోజులు నిద్ర పట్టలేదు. యజమాని మండలాఫీసులో పనిచేస్తాడు, పెట్టుబడి బ్యాంకు అప్పు. నేనున్నప్పటికి రెండేళ్ళయినా పిట్టలు సరిగా చేరలేదు. పక్కింటివాళ్ళు ఏడిపించేవాళ్ళు, "పిట్టలకు కూడా నీ అప్పు సంగతి తెలుసు" అని.

బంగారం మర్చిపోయావు. నీళ్ళు తగ్గితే దుకాణం ఖాళీ గానీ ఇసుక మేటలు బయటపడతాయి. ఆడవాళ్ళు దులాంగ్ అనే చెక్క పళ్ళెం పట్టుకుని నది మధ్యకెళ్ళి కూర్చుంటారు. రోజంతా తిప్పితే ఆవగింజంత. దాన్ని చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి దుకాణంలో తూకం వేయిస్తారు. బియ్యం పిరమైన రోజుల్లోనే బంగారం తేలికగా దొరకడం ఆ నది చేసే తమాషా.

లిపిప్రియ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మీరు ప్రయాణం చేసిన అదే మహకం ఒడ్డున, దిగువన, ముయారా కమాన్ దగ్గర రాతి యూప (యజ్ఞ) స్తంభాలు దొరికాయి. ఇప్పటికి ఏడు. సుమారు క్రీ.శ. 400 నాటివి. భాష సంస్కృతం, లిపి మన దక్షిణాది బ్రాహ్మి, పల్లవ లిపి అంటారు. మన తెలుగు లిపి కూడా దక్షిణాది బ్రాహ్మి కొమ్మ నుంచి వచ్చిందే, కాబట్టి దూరపు చుట్టరికం. కుండుంగ అనే ఆయన కొడుకు అశ్వవర్మ, అతని కొడుకు మూలవర్మ. మూలవర్మ బ్రాహ్మణులకు ఇరవై వేల ఆవులు దానం చేశాడని రాసి ఉంది. తాతగారి పేరు స్థానికం, కొడుకు పేరుకి వర్మ వచ్చేసింది చూశారా!

సూటిగా | మంగళవారం, మధ్యాహ్నం 12:55

ఇరవై వేల ఆవుల్ని ఏ పడవలో తెచ్చారట?

నిర్వాహకురాలు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఆవుల సంగతికి వేరే చర్చ తెరవండి. లిపిప్రియ గారి పోస్టు బాగుంది, ఉంచుతున్నాను.

గోదారి గట్టు | మంగళవారం, సాయంత్రం 5:00

జబ్బు చేస్తే ఏం చేస్తారు? లాంచీల కాలంలో మాకు అదే భయం.

కొత్తగూడెం కుర్రోడు | మంగళవారం, రాత్రి 10:20

దీని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను బాబాయ్.

నేనున్న పద్దెనిమిదో రోజున పక్క వీధిలో ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయి. ఆరోగ్య కేంద్రంలో నర్సు చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, కిందికి తీసుకెళ్ళాలి అంది. పక్క మండలంలో దతా దవాయ్ అని చిన్న విమానాశ్రయం ఉంది, సమరిండాకి సబ్సిడీ విమానం నడుస్తుంది, పది పన్నెండు మంది పట్టేది. ఆ రోజు పొగ. 2019లో కలిమంతాన్ అంతా తగలబడిన ఏడాది గుర్తుందా, ఆ పొగ. విమానం లేదు.

పడవ ఉంది, మోటరిస్ ఉన్నాడు, పెట్రోలు లేదు. పెటింగ్గి (అక్కడ సర్పంచిని అలా పిలుస్తారు) మైకులో చెప్పాడు. గంటలో రేవుకి జనం వచ్చారు. ఒకడు లీటరు సీసా, ఒకడు సగం డబ్బా, ఇంకొకడు జనరేటర్లోంచి తోడిన రెండు లీటర్లు. మా ఇంటి కుర్రాడు బండి ట్యాంకుకి ట్యూబు పెట్టి పీల్చి తీశాడు. పద్దు పుస్తకం రాసే దుకాణందారు జెరికాన్ పట్టుకొచ్చాడు, రాసుకోలేదు. ఎవరెంత ఇచ్చారో నర్సు మాత్రం ఒక కాగితం మీద రాసింది, తర్వాత ఆఫీసు నుంచి తిరిగి ఇప్పిద్దామని. ఇప్పించారో లేదో నాకు తెలీదు.

జురు బతుగా ఊళ్ళో పెద్దాయన వెళ్ళాడు. అరవై దాటాయి, మానేసి చాలా ఏళ్ళయింది. ఆ నీళ్ళలో రాళ్ళు ఎక్కడుంటాయో ఆయనకే తెలుసన్నారు. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

అడవిబాట | మంగళవారం, రాత్రి 10:45

🙏

సూటిగా | మంగళవారం, రాత్రి 11:15

నేను మొన్న రోడ్డు అన్నది ఇందుకే. వేళాకోళం అనుకున్నారు అందరూ. మా అమ్మమ్మ ఊళ్ళో వాగు మీద వంతెన లేక మా పిన్ని పోయింది. గాదె, దులాంగ్, కలిసి విత్తడం, అన్నీ చదవడానికి అందంగా ఉంటాయి. దూరంగా ఉన్నవాళ్ళకి.

అడవిబాట | బుధవారం, ఉదయం 6:30

సూటిగా గారూ, మీ మాట కాదనను. నిన్నటి పోస్టు చదివాక ఎవరైనా రోడ్డు వద్దంటే మనిషే కాదు. నా భయం రోడ్డు మీద కాదు, దాని వెనక వచ్చేవాటి మీద. దిగువ పక్క జిల్లా కుతాయ్ బరాత్‌లో, కింది మహకంలో ఏం జరిగిందో చూడండి: రోడ్డు, దుంగల లారీలు, తర్వాత పామాయిల్ తోటలు, బొగ్గు గనులు. భూమికి పట్టా లేదు, "అడవి బీడు" అని రాసేస్తారు. అది బీడు కాదు, పదేళ్ళు విశ్రాంతి ఇచ్చిన లదాంగ్. అందులోనే పేము, పండ్ల చెట్లు, రబ్బరు ఉంటాయి. మన ఏజెన్సీలోనూ పోడును ఇలాగే ఖాళీ భూమి కింద లెక్కేసినవాళ్ళున్నారు.

2009 పర్యావరణ చట్టంలో కుటుంబానికి 2 హెక్టార్లు, అంటే ఐదెకరాల దాకా సంప్రదాయ పద్ధతిలో కాల్చుకోవచ్చని వెసులుబాటు ఉంది. కానీ 2015 పెద్ద మంటల తర్వాత పోలీసులు, సైనికులు ఊరూరా తిరిగి "కాల్చొద్దు" అన్నారు. తోటల కంపెనీల మంటకీ, ముసలమ్మ లదాంగ్ మంటకీ తేడా చూడలేదు. లదాంగ్ ఆగితే ఆ గాదె ఖాళీ. గాదె ఖాళీ అయితే ఆ ఊళ్ళో అందరూ మేస్టారిలాగే డబ్బు పట్టుకుని తిరగాలి.

సింగపూర్ శీను | బుధవారం, ఉదయం 9:10

మనమూ ఇందులో ఉన్నాం, అది కూడా చెప్పుకోవాలి. మన ఇళ్ళలో పామాయిల్‌లో పెద్ద వాటా ఇండోనేషియాదే. 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా వాళ్ళు ఎగుమతి ఆపితే మన దగ్గర నూనె ధరలు ఎలా ఎగిరాయో గుర్తుండే ఉంటుంది. మహకంలో రోజూ దిగే బార్జిల్లో ఒక్కోదాంట్లో ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు. కృష్ణపట్నంలో దిగే ఇండోనేషియా బొగ్గులో కొంత అక్కడిదే కావచ్చు.

కొత్తగూడెం కుర్రోడు | బుధవారం, మధ్యాహ్నం 1:30

నేను కొలిచిన బొగ్గే అయ్యుండొచ్చు శీనూ, నవ్వొస్తోంది.

రోడ్డు గురించి నా స్నేహితుడి అభిప్రాయం చెబుతాను, నాది కాదు. వాడు రోడ్డు కావాలంటాడు. వాళ్ళమ్మ కూడా. ఆమెకి ఆసుపత్రి కోసం, వీడికి మోటారు సైకిలు కోసం. సరిహద్దు వెంట లాంగ్ బగున్, లాంగ్ పహంగాయ్ మీదుగా తియోంగ్ ఓహాంగ్‌కి రోడ్డు పని ఏళ్ళుగా నడుస్తోంది. ఎండలో ఫోర్ వీల్ జీపులు వస్తాయి, వాన పడితే ఎర్ర బురద. అంటే నది ఎండినప్పుడు రోడ్డు, రోడ్డు కరిగినప్పుడు నది. రెండూ బాగున్న రోజులు తక్కువ.

మోటరిస్‌లు మాత్రం రోడ్డు మాటెత్తితే ముఖం తిప్పుకుంటారు. పడవ, మూడు ఇంజన్లు, అప్పు. రాళ్ళ జ్ఞానం ముప్పై ఏళ్ళది. లారీ డ్రైవరుకి ఆ జ్ఞానం అక్కర్లేదు.

ఊళ్ళకి డబ్బు రాక కాదు. 2014 గ్రామ చట్టం వచ్చాక జకార్తా నుంచి ప్రతి ఊరికీ ఏటా నేరుగా నిధులు. నేనున్న ఏడాది సగటున ఊరికి వంద కోట్ల రూపియా దగ్గర, అంటే మన యాభై లక్షలు. మా ఊళ్ళో సిమెంటు దారి, సోలారు దీపాలు, సమావేశ మందిరం. కానీ సిమెంటు బస్తా కూడా ఆ పడవలోనే రావాలి, కాబట్టి కింద కిలోమీటరు వేసే డబ్బుతో ఇక్కడ మూడు వందల మీటర్లు. ఆడిటరు జావా రేట్లు పట్టుకుని వస్తాడు. పెటింగ్గికి సగం వయసు ఆ ఆడిటరుకి వివరించడంలోనే అయిపోయింది.

పద్మజ, విశాఖ | బుధవారం, సాయంత్రం 4:45

ఇప్పుడు కరెంటు, ఫోను?

కొత్తగూడెం కుర్రోడు | బుధవారం, సాయంత్రం 5:10

అప్పట్లో సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా జనరేటరు. సిగ్నలు వేలాడే వంతెన మధ్యలో నిలబడితే వచ్చేది, ఊళ్ళో ప్రేమకథలన్నీ ఆ వంతెన మీదే. 2024లో స్టార్‌లింక్ ఇండోనేషియాలో మొదలైంది కదా, ఇప్పుడు దుకాణందారు కొడుకు డబ్బా పెట్టి గంటల లెక్కన వైఫై కూపన్లు అమ్ముతున్నాడట. అరువు లేదట దానికి.

గోదారి గట్టు | బుధవారం, రాత్రి 8:00

సరే గానీ, చివరికి బయటపడ్డదెలా?

కొత్తగూడెం కుర్రోడు | బుధవారం, రాత్రి 9:15

ఇరవై రెండో రాత్రి. ఊళ్ళో చినుకు లేదు. రెండింటికి కుక్కలు మొరిగాయి, ఆ వెంటనే మగవాళ్ళు టార్చీలతో రేవుకి పరుగు. నాకేం అర్థం కాలేదు. ఎక్కడో పైన, సరిహద్దు కొండల్లో వాన పడిందట. నీటి చప్పుడు మారింది, నాకు వినపడలేదు గానీ వాళ్ళకి వినపడింది. పడవల్ని పైకి లాగి కట్టారు. తెల్లారేసరికి నిన్న మేం నడిచిన ఇసుక మేట లేదు. నురగ, ఆకులు, దుంగలు. (ఇదే నది 2024 మేలో పొంగి జిల్లా కేంద్రం ఉజోహ్ బిలాంగ్‌ని ముంచేసింది.)

రెండు రోజులాగి వెళ్దామన్నారు గానీ నేను ఒక్క రోజే ఆగాను. మధ్యాహ్నం కింద నుంచి మొదటి పడవ వచ్చింది. ఊరంతా రేవులో. బియ్యం వచ్చిందనుకున్నాం. దింపితే సిగరెట్ పెట్టెలు, నాలుగు గ్యాసు బండలు, రీచార్జి కార్డులు, ఒక బస్తా ఉల్లిపాయలు. బరువు తక్కువ, లాభం ఎక్కువ. బియ్యం మూడో పడవలో వస్తుందట. కుర్ర మేస్టారు ఉల్లిపాయలు కిలో కొనుక్కుని, సగం మా పెద్దావిడకి ఇచ్చి వెళ్ళాడు. నేను ఆ ఖాళీ పడవలోనే దిగొచ్చాను.

సూటిగా | బుధవారం, రాత్రి 9:40

రోడ్డు ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోండి అన్నా. నిజంగానే అడుగుతున్నా.

కొత్తగూడెం కుర్రోడు | గురువారం, ఉదయం 10:05

పొద్దున్నే ఫోన్ చేశాను, ఆ వైఫై కూపన్ మీదే మాట్లాడాడు. మొన్నటిదాకా జీపులు ఊరిదాకా వచ్చాయట. మూడు రోజులుగా వాన. సిమెంటు లారీ ఒకటి బురదలో దిగబడి దారి మూసుకుపోయిందట. బియ్యం ఎలా వస్తోందని అడిగాను. పడవలో అన్నాడు. నీళ్ళెంత అని అడిగాను. బాగున్నాయట.